ఆరేళ్లు వేపచెట్టు కింద నిలబడిన పికప్: ఇంటి దగ్గరే బాగుచేసుకున్న పని, అయిన ఖర్చు, నేను చేసిన ఒక తప్పు



మా పాత పికప్ బండిని ఇంటి దగ్గరే విప్పి మళ్లీ బిగించిన వీడియో చూసి చాలామంది మూడు ప్రశ్నలు అడిగారు. ఒకటి, మొత్తం ఎంత ఖర్చయింది? రెండు, పాతది బాగుచేసుకోవడం మేలా, లోన్ పెట్టి కొత్తది కొనడం మేలా? మూడోది, బ్రేకులు విప్పుతా ఉంటే వీడియో టక్కున తెగిపోయింది, తర్వాత చూస్తే కొత్త మాస్టర్ సిలిండర్ బిగిస్తున్నావు, ఆ మధ్యలో ఏమైంది?

మొదటి రెండింటికీ జవాబు లెక్కల్లో ఉంది. మూడోదానికి జవాబు చెప్పే ధైర్యం ఆ రోజు కెమెరా ముందు నాకు లేకపోయింది. మీలో ఎవరి ఇంట్లోనైనా అదే తప్పు జరుగుతూ ఉండొచ్చు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. చివరి దాకా చదవండి.

బండి కథ

మాది కదిరి దగ్గర పల్లె. ఎర్రనేల, వానాధారం సేద్యం. వేరుశనగ, కంది, కొర్ర వేస్తాం. బండి 2006 మోడల్ మహీంద్రా పికప్, 2,523 సీసీ డీజిల్ ఇంజిన్. 2009లో నేను అగ్రికల్చర్ డిప్లొమా ముగించే సమయానికి మా నాయన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వెళ్లేటప్పుడు కదిరికి వేరుశనగ మూటలు, వచ్చేటప్పుడు ఊరందరికీ ఎరువుల బస్తాలు, పురుగుమందుల పెట్టెలు. ఖాళీగా తిరిగొచ్చిన రోజు తక్కువ.

2016లో మేం ప్రకృతి వ్యవసాయంలోకి మారాం. 2018 నవంబరులో, వేరుశనగ మూటలు వేసుకుని వెళ్తుంటే మా ఊరి అవతలి కనమ దిగుడులో నాయనకు బ్రేకు అందలేదు. ఆయన బండిని లోయ వైపు పోనీకుండా కొండ వైపు గట్టుకు గుద్ది ఆపాడు. ఎడమచెయ్యి విరిగింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. బండిని ట్రాక్టర్‌తో లాగించి ఇంటి వెనక వేపచెట్టు కింద నిలబెట్టాం. నాయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

2020లో నేను గానుగ పెట్టుకున్నాను. నూనె, కొర్రబియ్యం, కందిపప్పు వారానికి ఒకసారి అనంతపురం పంపాలి. ప్రతి ట్రిప్పుకీ బాడుగ బండి. రానూపోనూ 180 కిలోమీటర్లకు 4,500 రూపాయలు. పైగా ఆ బండిలో మన సరుకుకంటే ముందు ఏం వేశారో తెలియదు. ఒకసారి కందిపప్పు సంచులకు పురుగుమందు వాసన పట్టింది. ఆ లోడు మొత్తం వెనక్కి తెచ్చుకున్నాను. పొలంలో ఇన్నేళ్లు కాపాడుకున్నది రోడ్డు మీద 90 కిలోమీటర్లలో పోయింది. ఆ రోజే సొంత బండి ఉండాలని అనుకున్నాను.

పానా పట్టకముందు చేయాల్సినవి

మొదట పేపర్లు. ఇది చాలామంది చివర్లో చూస్తారు, మొదట చూడండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏడాదికోసారి చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఫిట్‌నెస్ ఫీజు బాగా పెంచారు. ఆరేళ్లు ఆగిన బండికి ట్యాక్స్ బకాయి, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ కలుస్తాయి. ఆర్‌సీ పట్టుకుని రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకున్నాకే నేను జాకీ ఎత్తాను.

రెండోది ఛాసిస్. పొడవాటి రెండు పట్టీలు ఉంటాయి కదా, వాటి కింద పడుకుని చిన్న సుత్తితో అడుగడుగునా తట్టండి. ఖంగుమని మోగితే ఇనుము బతికే ఉంది. మొద్దుగా వినపడినా, పొరలు పొరలుగా ఊడినా అక్కడితో ఆపేయండి. కమాన్ కట్టలు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట్లు మరీ జాగ్రత్తగా చూడండి. ఛాసిస్ తిన్న బండి మీద డబ్బు పెట్టొద్దు. మా బండి ఛాసిస్ గట్టిగానే ఉంది, అందుకే ముందుకు పోయాను. వీడియోలో ఈ శబ్దం తేడా వినిపించాను, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి.

ఇంజిన్: తాళం తిప్పొద్దు

ఏళ్ల తరబడి నిలబడిన బండికి కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పడం అందరూ చేసే మొదటి తప్పు. సిలిండర్ గోడల మీద ఆయిల్ ఎప్పుడో జారిపోయి ఉంటుంది. రింగులు తుప్పుతో అతుక్కుని ఉంటే ఒక్కసారి తిప్పినందుకే విరగొచ్చు. ట్యాంకులో పాత డీజిల్ పంపులోకి పోయిందంటే అదింకో ఖర్చు.

నేను ముందు ట్యాంకు దించాను. 11 లీటర్ల పాత డీజిల్, అడుగున నీళ్లు, ఆ రెంటి మధ్య నల్లటి జిగురు. డీజిల్‌లో నీళ్లు చేరితే ఆ హద్దు దగ్గర సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ జిగురు వాటిదే. మనం డ్రమ్ములో బెల్లం వేసి మరీ పెంచుకుంటాం, ట్యాంకులో అడగకుండానే పెరిగాయి. ట్యాంకు కడిగించి, పైపులు, ఫిల్టర్లు అన్నీ కొత్తవి వేశాను.

తర్వాత నాలుగు నాజిల్స్ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి మూడు రోజులు వదిలేశాను. నాలుగో రోజు ముందరున్న క్రాంక్ పుల్లీ నట్టుకు పెద్ద పానా వేసి చేత్తో తిప్పాను. మొదట కదల్లేదు. బలం పెట్టకుండా ఇటు కొంచెం, అటు కొంచెం అంటూ పోతే మధ్యాహ్నానికి రెండు చుట్లు పూర్తిగా తిరిగింది. ఆ పూట అన్నం సంతోషంగా తిన్నాను.

నాజిల్స్, డీజిల్ పంపు మాత్రం ఇంట్లో ముట్టుకోలేదు. అనంతపురంలో పంపు షాపుకు ఇచ్చి మిషన్ మీద చెక్ చేయించాను. ఏది మనం చేయాలో, ఏది చేయకూడదో తెలుసుకోవడమే ఇంటి రిపేరులో సగం పని. వైరింగ్ ఎలుకలు కొరికేశాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే దోసెడు వేరుశనగ పొట్టు. మా వేరుశనగే.

ఆయిలు, కూలెంట్, బెల్టులు మార్చి, హ్యాండ్ ప్రైమర్‌తో డీజిల్ లైన్‌లో ఎయిర్ తీసి, అప్పుడు సెల్ఫ్ కొట్టాం. నాలుగోసారికి అందుకుంది. తెల్లటి పొగ కొట్టంతా నిండింది. పది నిమిషాలకు పొగ తగ్గి ఇంజిన్ నిలకడగా తిరిగింది. వీడియోలో వినపడే అరుపు మా అమ్మది, కోళ్లు బెదిరి పారిపోయినందుకు.

బాడీ: ఎరువులు తిన్న ఇనుము

వెనక బాడీలో చెక్కపలకలు పరిచి ఉండేవి. అవి లేపితే కింద రేకు జల్లెడ అయిపోయింది. ముందు క్యాబిన్ ఇంత చెడలేదు, వెనకే ఎందుకింత? కారణం మనకు తెలిసిందే. డీఏపీ, పొటాష్ రెండూ ఉప్పులు. బస్తా చిరిగి రాలిన పొడి గాలిలో తేమ లాక్కుంటుంది. మనం వాడే పొటాష్ ఎక్కువగా పొటాషియం క్లోరైడే. సముద్రం పక్కన ఇనుము ఎందుకు త్వరగా తుప్పు పడుతుందో ఇక్కడా అందుకే, రెండు చోట్లా క్లోరైడే పని చేస్తుంది.

అందుకని ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఎరువులు మోసిన బండికి తుప్పు గీకి నేరుగా ప్రైమర్ కొట్టొద్దు. ముందు మంచినీళ్లతో, బ్రష్‌తో రెండు మూడుసార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఉప్పు లోపలే ఉంటే ఎంత ఖరీదు పెయింట్ వేసినా ఏడాదిలో పొక్కులు లేస్తాయి.

చిల్లులు పడిన రేకు కత్తిరించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ కనెక్షన్లు విప్పాలి, డీజిల్ ట్యాంకు దూరంగా పెట్టాలి, పక్కన ఇసుక బక్కెట్ ఉంచుకోవాలి. కొక్కేలు, గొలుసులు, బోల్టుల్లాంటి చిన్న ఇనుప సామాన్లు మాత్రం మొలాసిస్ నీళ్లలో నానబెట్టాను. ఒక పాలు మొలాసిస్, తొమ్మిది పాళ్లు నీళ్లు, రెండు వారాలు. వాసన భరించాలి, కానీ తుప్పు మెత్తగా ఊడొస్తుంది, ఇనుము తినదు. అల్యూమినియం సామాను అందులో వేయకండి, దాన్ని తినేస్తుంది.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. తప్పంతా రసాయన ఎరువులదే కాదు. మేం మారాక ఆవు మూత్రం క్యాన్లు, జీవామృతం డ్రమ్ములు ఇదే బండిలో వేశాం. మూత్రంలోనూ ఉప్పులుంటాయి, ఇనుమును బాగానే తింటుంది. ఇప్పుడు డ్రమ్ముల కింద రబ్బరు మ్యాట్ వేస్తున్నాను, దించిన రోజే బాడీ కడుగుతున్నాను.

పలకల సంగతి. ఏళ్ల తరబడి పురుగుమందు ఒలికిన చెక్క అది. అమ్మ పొయ్యిలోకి పనికొస్తుందంది, వద్దన్నాను. కాల్చకూడదు, పశువుల కొట్టంలో పరచకూడదు. ప్లాస్టిక్ పట్ట చుట్టి వేరుగా ఉంచాను. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇస్తాను. కొత్త బాడీలో పలకలు వేయలేదు, గీతల రేకు మాత్రమే. సందులు లేకపోతే ఏదీ ఇంకిపోదు, కడిగితే పోతుంది. సర్టిఫికేషన్ తీసుకున్న రైతులకు రవాణాలోనూ సరుకు కలుషితం కాకుండా చూసుకునే బాధ్యత ఉంటుంది. బండిని సొంతంగా ఉంచుకోవడంలో పెద్ద లాభం ఇదే.

విప్పిన చెత్త ఎక్కడ వేశాం

ఇది ప్రకృతి రైతులకు ప్రత్యేకంగా చెప్తున్నా. పాత ఇంజిన్ ఆయిల్ గట్టు మీదో, కంచెలోనో పారబోయకండి. మా వైపు ఛాసిస్‌కు తుప్పు పట్టకుండా కాలిన ఆయిల్ పూసే అలవాటుంది. అది బొట్లు బొట్లుగా మన చేలోనే కారుతుంది. నేను అండర్‌బాడీ కోటింగ్ వేయించాను. పాత ఆయిల్‌ను క్యాన్లో పట్టి, రీసైక్లింగ్‌కు తీసుకునేవాళ్లకు ఇచ్చాను.

కూలెంట్ ఇంకా జాగ్రత్త. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, దూడలు నాకుతాయి, మూత్రపిండాలు దెబ్బతిని చచ్చిపోతాయి. రేడియేటర్ విప్పే రోజు ఆవుల్ని అవతలి చేలో కట్టేశాను. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి ఊదొద్దు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టేయండి.

లెక్క

ఇంజిన్, పంపు, నాజిల్స్, ఫిల్టర్లు, ఆయిలు: 23,800
బ్రేకులు మొత్తం: 16,400
క్లచ్: 9,600
బ్యాటరీ, వైరింగ్, లైట్లు: 14,200
నాలుగు టైర్లు: 32,000
రేకు, వెల్డింగ్, ప్రైమర్, పెయింట్: 27,500
కమాన్ బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, షాక్ అబ్జార్బర్లు: 11,300
ట్యాక్స్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్: 33,200
మొత్తం: 1,68,000 రూపాయలు.

మేస్త్రీల కూలి ఇందులోనే ఉంది, నా కూలి లేదు. 14 వారాలు పట్టింది, రోజూ కాదు, గానుగ పని అయ్యాక. స్క్రాపు వ్యాపారి ఈ బండికి 60 వేలు ఇస్తానన్నాడు. అది కూడా పెట్టుబడే అనుకుంటే 2,28,000.

నేను లెక్క వేసుకున్నప్పుడు కొత్త పికప్ రోడ్డు మీదకు రావాలంటే పది లక్షల దాకా అయ్యేది. ఎనిమిది లక్షల లోన్, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 17,400 కిస్తీ. ఆ కిస్తీ కట్టాలంటే నేను బయటి బాడుగలకు తిరగాలి, అంటే మళ్లీ అవే ఎరువుల బస్తాలు. ఇప్పుడు అనంతపురం ట్రిప్పుకు డీజిల్ 1,600 దాకా అవుతుంది. బాడుగతో పోలిస్తే ట్రిప్పుకు 2,900 మిగులు. వారానికొక ట్రిప్పు లెక్కన రిపేరు డబ్బు 58 ట్రిప్పుల్లో, అంటే ఏడాది దాటి ఒకటి రెండు నెలల్లో వస్తుంది. మధ్యలో చిన్న రిపేర్లు వస్తే ఏడాదిన్నర అనుకోండి.

అందరికీ ఇదే సరైనదని చెప్పను. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే పనైతే, ఛాసిస్ పోయుంటే, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ లేకపోతే పాత బండి జోలికి పోవద్దు. వారానికి ఒకటి రెండు ట్రిప్పులకు, సొంత సరుకుకు మాత్రం మాకు ఇది సరిపోయింది.

వీడియో ఎందుకు ఆగింది

ఇప్పుడు మూడో ప్రశ్న.

బ్రేకుల పని మొత్తం మా ఊరి మెకానిక్ మామ పక్కనుండి చేయించాడు. బ్రేకుల దగ్గర సొంత ప్రయోగాలు వద్దని మొదటి రోజే చెప్పాడు. మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి రబ్బరు కప్పులు బయటికి తీశాడు. అవి నానబెట్టిన అలసందల్లా ఉబ్బి, అంచులు మెత్తబడి, వేలితో నొక్కితే చితికిపోతున్నాయి. ఆయన వాటిని వాసన చూసి నా వైపు తిరిగాడు.

"అల్లుడూ, దీంట్లో ఏం ఆయిలు పోసినారు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. 2018లో కోతలప్పుడు ఒక రాత్రి. తెల్లారి లోడు పోవాలి. బ్రేకు ఆయిల్ డబ్బీలో మట్టం తగ్గిందని నాయన చూడమన్నాడు. ఇంట్లో బ్రేకు ఆయిల్ లేదు. ట్రాక్టర్‌కు తెచ్చిన హైడ్రాలిక్ ఆయిల్ ఉంది. హైడ్రాలిక్ బ్రేకులే కదా, హైడ్రాలిక్ ఆయిలే కదా అనుకుని పోసేశాను. డిప్లొమా చదివినవాణ్ని, నాకు తెలియదా అన్న ధీమా. నాయనకు "పోసినా, చూసుకోనక్కర్లేదు" అని చెప్పి పడుకున్నాను.

ఆ తర్వాత రెండు మూడు వారాలు నాయన ఒకటే మాట అంటూ వచ్చాడు. "బండి పట్టేస్తాంది రా, ఫ్రీగా పోవడంల్యా." లోడు ఎక్కువ వేస్తున్నావులే అన్నాను. తర్వాత కనమ.

చెయ్యి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక ఆయన అందరికీ చెప్పింది ఒక్కటే. "నేను తొక్కినా. అందలేదు." ఎవరూ నమ్మలేదు. 58 ఏళ్లు, కళ్లజోడు, మధ్యాహ్నం ఎండ. నిద్ర పట్టుంటుంది అన్నారు, క్లచ్ తొక్కి బ్రేకు అనుకున్నాడు అన్నారు. బండి విప్పి చూద్దామని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నేను అందరికంటే పెద్ద మాట అన్నాను. "నాయనా, నువ్వింక తోలొద్దు." ఆయన సరే అన్నాడు. ట్రాక్టర్ కూడా ఎక్కడం మానేశాడు. ఆరేళ్లు.

అందుకే వీడియో ఆపేశాను.

మామ విషయం వివరించాడు. మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 బ్రేకు ఆయిల్ పేరుకే ఆయిల్, అది గ్లైకాల్ రకం ద్రవం. ఆ రబ్బర్లు దానికి తగ్గట్టు చేసినవి. ఇంజిన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, గ్రీజు లాంటి ఖనిజ నూనె తగిలితే అవి పీల్చుకుని ఉబ్బుతాయి. మొదట ద్రవం వెనక్కి వచ్చే రంధ్రం మూసుకుపోయి బ్రేకులు పట్టేస్తాయి. డ్రమ్ములు, డిస్కులు కాగిపోతాయి. తర్వాత రబ్బరు మెత్తబడి ఒత్తిడి పట్టలేదు. పెడల్ నేలకు పోతుంది. నాయన చెప్పిన వరస కూడా ఇదే.

ఒకసారి ఇట్లా కలిశాక కడిగి వాడుకుందామంటే కుదరదు. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల దగ్గరి రబ్బర్లు, హోస్‌లు అన్నీ మార్చాలి, ఇనుప పైపులు కొత్త బ్రేకు ఆయిల్‌తోనే కడగాలి. మేం అదే చేశాం. ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వచ్చాం: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

నాయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున ఆయన ఆవుల దగ్గర ఉంటే ఆ ఉబ్బిన రబ్బర్లు అరచేతిలో పెట్టుకుని వెళ్లాను. ఏం పోశానో, ఏ రోజు పోశానో చెప్పాను. ఆయన రబ్బరు ఒకటి తీసుకుని చాలాసేపు నలిపి చూశాడు. నన్నేమైనా అంటే బాగుండేది. ఏమీ అనలేదు. పేడ తట్ట ఎత్తుకుంటూ ఒక్క మాట అన్నాడు.

"అయితే నా కాలు సరిగ్గానే తొక్కింది."

ఆరేళ్లు ఆ మనిషి తన కాలినే అనుమానించుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

ఈ రోజే మీరు చేయాల్సిన పరీక్ష

మీ బండి బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బీ మూత విప్పండి. మూత లోపలి రబ్బరు ఉబ్బి, వంకరపోయి, మళ్లీ సరిగ్గా కూర్చోకపోతే అనుమానించండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి డబ్బీలోని ఆయిల్ నాలుగు చుక్కలు వేయండి. బ్రేకు ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. పైన తెట్టులా తేలితే అందులో వేరే నూనె కలిసింది, బండి కదపకుండా మెకానిక్‌ను పిలవండి. ఆ నీళ్లు పశువులకు అందనివ్వకండి. బ్రేకు ఆయిల్ పెయింట్‌ను తింటుంది, బండి మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

మట్టం అదే పనిగా తగ్గుతుంటే పోసుకుంటూ పోవడం కాదు, లీకు ఎక్కడో, షూలు అరిగాయేమో చూడాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. మూత తీసి వదిలేసిన పాత సీసాలోది వాడొద్దు. దిగుడులో డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో పోనివ్వొద్దు. ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ అందదు, రెండు మూడు తొక్కులకే పెడల్ రాయిలా అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, రోజూ బండి తోలేవాళ్లు "ఏదో తేడాగా ఉంది" అంటే వినండి. చదువుకున్నది మనమే కావచ్చు, పెడల్ మీద ఉన్న కాలు వాళ్లది.

బండి పూర్తయ్యాక మొదట కోత అయిన చేలో తోలాం. నేను తాళం నాయన చేతిలో పెట్టాను. వద్దంటాడనుకున్నా. ఎక్కాడు. ఇరవై గజాలు పోవడం, బ్రేకు తొక్కడం, మళ్లీ ఇరవై గజాలు. ఏడెనిమిది సార్లు అదే చేశాడు. దిగి, "పెడల్ కొంచెం ఎత్తుగా ఉంది, దించండి" అన్నాడు. మామ దించాడు.

7,500 కిలోల లోపు రవాణా బండి తోలడానికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో మళ్లీ ఖాయం చేసింది. నాయన లైసెన్సు గడువు దాటి ఏడాది పైనే అయింది కాబట్టి మెడికల్ సర్టిఫికెట్‌తో పాటు మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాల్సి వచ్చింది. 64 ఏళ్ల వయసులో పిల్లల మధ్య వరసలో నిలబడి ఇచ్చాడు. పాసయ్యాడు. ఇప్పుడు అనంతపురం ట్రిప్పులు మా ఇద్దరివీ. కనమ వచ్చేసరికి స్టీరింగ్ ఆయనే తీసుకుంటాడు, రెండో గేర్లోనే దిగుతాడు.

బ్రేకు ఆయిల్ డబ్బీ మూత మీద తెల్ల పెయింట్‌తో ఆయనే రాసుకున్నాడు: "బ్రేకు ఆయిల్ మాత్రమే". నేను బానెట్ ఎత్తినప్పుడల్లా చదువుకుంటాను.

వచ్చే వీడియోలో బాడీ కడిగే పద్ధతి, డ్రమ్ములు కట్టే పద్ధతి చూపిస్తాను. మీ బండిలో గ్లాసు పరీక్ష చేసి ఏం తేలిందో కింద రాయండి. ఉంటాను.